మంచుబండియు రబ్బరు బెల్టును

కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రమున వాల్కూర్ అను చిన్న యూరు గలదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములందు మంచు దట్టముగా పడుటతోడనే ఆ ప్రాంతపు మోటారు బండ్లు కొట్టములకు చేరెడివి. తిరిగి వసంతము వచ్చువరకు గుఱ్ఱము లాగు జారుడుబండియే దిక్కు. రైతు సంతకు పోవలెనన్నను, మతగురువు ప్రార్థనకు పోవలెనన్నను, వైద్యుడు రోగి యింటికి పోవలెనన్నను గుఱ్ఱపు కాళ్లనే నమ్ముకొనవలసి యుండెను. 1934వ సంవత్సరపు శీతకాలమున ఆ యూరి మెకానిక్కు ఒకని యింట రెండేండ్ల బాలునకు ఉండుకము వాచి ప్రాణాపాయము కలిగెను. ఆస్పత్రి దాదాపు 50 కిలోమీటర్ల దూరమున షెర్‌బ్రూక్ పట్టణమందున్నది. దారి మంచుతో పూడిపోయినది. తండ్రి మోటారుల మరమ్మతులో ఆరితేరినవాడు. మంచుపై నడచు బండిని నిర్మింపవలెనని ఏండ్ల తరబడి యత్నించుచున్నవాడు. అయినను ఆ రాత్రికి పనికివచ్చు బండి ఆతనివద్ద ఒక్కటియు లేదు. బాలుడు దక్కలేదు.

ఆ తండ్రి పేరు జోసఫ్ ఆర్మాండ్ బొంబార్డియే. లోకమంతట ప్రచారము పొందిన మోటారు మంచుబండికి ప్రధాన నిర్మాత ఆతడే. తరువాతి కాలమున ఆతడు సంపాదించిన కీర్తి ధనముల మాట యెట్లున్నను, ఈ యంత్రము పుట్టుకలో ఒక పసివాని మరణము నిలిచియున్నదని మరువరాదు. మంచులో చిక్కిన మనుష్యుని సకాలమున గమ్యము చేర్చుట దాని ప్రయోజనము. నడుమ దారిలో నిలిచిపోవు మంచుబండి ఆ ప్రయోజనమును కోల్పోవుటయేగాక, నమ్మినవానిని ప్రమాదమున పడవేయును.

మంచుబండి చరిత్రమును చెప్పువారు సాధారణముగా ఇంజను బలమును, వేగమును, పందెములను వర్ణింతురు. కాని ఆ చరిత్రమునందు అంతగా కంటబడని వస్తువు ఒకటి కలదు. అది ఇంజను శక్తిని కొనిపోయి మంచును త్రొక్కు పట్టాకు అందించు రబ్బరు బెల్టు. నేలయంతయు గడ్డకట్టిన దేశమున ఈ బెల్టు తరచుగా వేడిమి చేతనే నశించును. ఈ వింతకు కారణ మేమి, దానిని నివారించుటకు మనుష్యులు ఏ విధముగా నేర్చుకొనిరి అనునది ఈ వ్యాసమునకు విషయము.

తొలి యత్నములు

మంచుపై మోటారును నడుపవలెనను కోరిక ఒక్క దేశమున పుట్టినది కాదు. అమెరికాలోని న్యూహాంప్‌షైరు రాష్ట్రమున వర్జిల్ వైట్ అను ఫోర్డు కార్ల వర్తకుడు 1910ల దశకమున ఒక ఉపాయము కనుగొనెను. ముందు చక్రములు తీసి వానికి బదులు జారుడు పలకలు పెట్టి, వెనుక చక్రములకు పట్టాలు తొడిగి, మాడల్ టి కారును మంచుబండిగా మార్చు సామగ్రిని ఆతడు తయారు చేసి అమ్మెను. స్నోమొబైల్ అను పేరు జనుల నోట నాటుకొనుటకు ఆతని వ్యాపారము తోడ్పడినది.

రష్యాలో జారు చక్రవర్తి రెండవ నికొలాస్ యొక్క మోటారు శాలయందు పనిచేసిన అడాల్ఫ్ కేగ్రెస్ అను ఫ్రెంచి యింజనీరు, వెనుక భాగమున రబ్బరు పట్టాలు గల బండిని నిర్మించెను. విప్లవానంతరము ఆతడు ఫ్రాన్సుకు మరలి సిత్రోయెన్ కంపెనీలో చేరెను. ఆతని పట్టాబండ్లు 1922-23లో సహారా ఎడారిని దాటినవి. 1931లో జార్జ్ మరీ హార్ట్ నాయకత్వమున ఆసియా ఖండమును దాటబోయిన యాత్రకు సంబంధించిన రెండు బండ్లు శ్రీనగరము నుండి బయలుదేరి, బుర్జిల్ కనుమను దాటి, గిల్గిత్తు చేరినవి. దారి కూలిన కొన్ని తావుల బండ్లను ఊడదీసి కూలీలచే మోయింపవలసి వచ్చెను. హిమాలయమునకును పట్టాబండికిని పరిచయము ఈ విధముగా తొంబది యేండ్లకు పూర్వమే కలిగినది.

పై యత్నములన్నియు కారును మంచుకు అనుగుణముగా మార్చుటకు చేసినవి. ఒక్కడు కూర్చుండి పోదగిన చిన్నబండిని తలచినవారిలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి సేనర్ గ్రామస్థుడు కార్ల్ ఎలియాసన్ ముఖ్యుడు. పాదమున లోపముండుటచే ఆతడు మంచులో మిత్రులతో సమానముగా నడువలేకపోయెడివాడు. ఆ కొఱత తీర్చుకొనుటకై 1924లో ఒక పొడవైన చెక్కబండిని చేసి, పడవలకు వాడు చిన్న ఇంజను బిగించి, సైకిలు భాగములతోడను పాత ఫోర్డు కారు భాగములతోడను దానిని పూర్తి చేసెను. 1927లో దానికి పేటెంటు లభించినది.

పెద్దబండి నుండి చిన్నబండికి

బొంబార్డియే 1907లో జన్మించెను. 1922వ సంవత్సరపు చివరి దినమున, పదునైదేండ్ల ప్రాయమున, ఒక పాత ఫోర్డు ఇంజనును జారుడుబండిపై నిలిపి, వెనుక విమానపు రెక్కల వంటి పంకాను బిగించి, తమ్మునితో కలిసి వీథిలో నడిపెను. తిరుగు పంకాను చూచి భయపడిన తండ్రి దానిని వెంటనే విప్పివేయుమని ఆజ్ఞాపించెను. కుమారుని మరణము తరువాత ఆతడు పట్టుదలతో పనిచేసి, రబ్బరు పూసిన పండ్లచక్రమును పట్టాను కూర్చి నూతన పద్ధతిని సాధించెను. దానికి 1937లో పేటెంటు వచ్చెను. ఏడుగురు కూర్చుండు బండిని మొదటను, పండ్రెండుగురు కూర్చుండు బండిని 1940ల తొలినాళ్లలోను ఆతని కర్మాగారము తయారు చేసెను. ఈ బండ్లు మంచుకాలమున వైద్యుల వాహనములై, తపాలా బండ్లై, పాఠశాల బస్సులై క్విబెక్ పల్లెలకు ప్రాణాధారము లయ్యెను.

1948లో క్విబెక్ ప్రభుత్వము పల్లెదారుల మంచును సైతము తొలగింప నిశ్చయించుటతో పెద్దబండ్ల గిరాకి తగ్గెను. బొంబార్డియే అడవులలోను చిత్తడినేలలలోను పనిచేయు ట్రాక్టరుల వైపు మరలెను. అయినను ఒక్కడు ఎక్కిపోవు చిన్నబండి ఆలోచన ఆతనిని విడువలేదు. తేలికయగు ఇంజనులు అప్పటికి లభ్యమగుచుండెను. ఆతని కుమారుడు జెర్మేన్ అతుకులేని రబ్బరు పట్టాను రూపొందించెను. ఈ రెండింటి కలయికతో 1959లో స్కీడూ అను చిన్న మంచుబండి వెలువడినది. తొలిబండ్లలో ఒకదానిని ఉత్తర ఒంటారియోలోని లాన్స్‌డౌన్ హౌస్ అను మారుమూల గ్రామమున సేవచేయు మోరిస్ ఉయిమే అను మతగురువు, బొంబార్డియే మిత్రుడు, పరీక్షించెను. కుక్కలు లాగు బండికి ప్రత్యామ్నాయముగా తలచి దానికి స్కీడాగ్ అని పేరు పెట్టబోగా, అచ్చుతప్పు వలన స్కీడూ అయ్యెనని చెప్పుదురు. 1964లో తన యేబదియారవ యేట బొంబార్డియే మరణించెను.

ఇంచుమించు అదేకాలమున అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున రోసో పట్టణపు వ్యవసాయ పనిముట్ల కర్మాగారమున డేవిడ్ జాన్సన్, హెటీన్ సోదరులు మున్నగువారు మఱియొక మంచుబండిని నిర్మించిరి. పోలారిస్ కంపెనీకి అదియే మొదలు. 1960లో ఎడ్గర్ హెటీన్ తన సహచరులతో అలాస్కాలోని బెతెల్ నుండి ఫెయిర్‌బ్యాంక్స్ వరకు వేయిమైళ్లకు పైబడిన దూరమును ఈ బండ్లపై దాటి, చిన్నయంత్రము దీర్ఘయాత్రకు పనికివచ్చునని ఋజువు చేసెను.

బెల్టు వచ్చిన దారి

పెద్దబండికి కారులో వలె గేరుపెట్టె నమర్చిన సరిపోయెను. చిన్నబండికి అది బరువు. పైగా మంచుపై పోవువానికి గేరులు మార్చుట కష్టము. లోతైన మంచులో ఒక్క క్షణము శక్తి ఆగినచో బండి కూరుకొనిపోవును. కావున నిలువక, తెగక, దారిని బట్టి తనంత తానే మారు ప్రసార సాధనము కావలసి వచ్చెను.

అట్టి సాధనము మంచునాడులో పుట్టలేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రవాసి మిల్టన్ రీవ్స్ 19వ శతాబ్ది చివర రంపపు మిల్లులలో యంత్రవేగమును మార్చుటకు, దగ్గరకును దూరమునకును జరుగు కప్పీలను వాడెను. 1917లో డెన్వరు నగరమున జాన్ గేట్స్, నిలువుకోతలో వెడల్పు పైభాగమును ఇరుకు క్రిందిభాగమును గల రబ్బరు బెల్టును రూపొందించెను. తెలుగునాట బియ్యపు మిల్లులలో ఇంజను నుండి షాఫ్టునకు వేసిన బల్లపరుపు బెల్టును చూచినవారు ఎందరో గలరు. అది కప్పీపై ఒరసికొని తిరుగును. గేట్సు బెల్టు కప్పీ గాడిలో చీలవలె దిగి ఇరుప్రక్కల పట్టుకొనును. తక్కువ వెడల్పుతో ఎక్కువ శక్తిని మోయుట దీని గుణము.

ఈ రెండు తలపులను కలిపినవారు స్కూటరు నిర్మాతలు. కాలిఫోర్నియాలో ఫాస్టర్ సాల్స్‌బరీ కంపెనీ 1930ల దశకపు చివర తన స్కూటరులకు తనంత తానే వేగము మార్చుకొను బెల్టు ప్రసారము నమర్చెను. 1958లో హాలెండు దేశమున హబ్ వాన్ డోర్న్ తన డాఫ్ కారునకు అదే పద్ధతిని ఉపయోగించెను. 1960ల దశకమున చిన్న మంచుబండ్లలో ఈ బెల్టు, రెండు కప్పీల జత, సర్వసామాన్య మయ్యెను. నేడు భారతదేశపు నగరములలో ఆఫీసులకు పోవు ఉద్యోగులు నడుపు గేరులేని స్కూటరులలో పనిచేయునదియు ఈ జాతి యంత్రమే. ఎడమప్రక్క మూతక్రింద దాగియుండుటచే దాని యునికి పెక్కుమందికి తెలియదు.

రెండు కప్పీల నడక

ఒక్కొక్క కప్పీ ఎదురెదురుగా నిలిపిన రెండు పళ్లెముల వంటిది. పళ్లెములు దగ్గరకు వచ్చినచో బెల్టు అంచువైపు ఎగబ్రాకును. దూరమైనచో నడుమకు దిగును. మొదటి కప్పీ ఇంజను షాఫ్టుపై నుండును. దానిలోని బరువులు షాఫ్టు వడిగా తిరుగుకొలది బయటికి విసరబడి పళ్లెములను దగ్గరకు నెట్టును. ఒక స్ప్రింగు వానిని విడదీయ యత్నించును. ఇంజను మెల్లగా తిరుగునపుడు స్ప్రింగు గెలుచును, బెల్టు వదులుగా నిలుచును, బండి కదలదు. వడి పెరుగగా బరువులు గెలుచును, పళ్లెములు బెల్టును పట్టుకొనును, బండి సాగును. క్లచ్చి పనియు గేరు పనియు ఒక్కటే సాధనము నెరవేర్చునని దీని భావము.

రెండవ కప్పీ పట్టాను త్రిప్పు షాఫ్టున కుండును. దానిలో ఒక స్ప్రింగును, మెలిక తిరిగిన వాలుగాడి యొకటియు నుండును. బండి ఎగువకెక్కునపుడు గాని, మెత్తని మంచులో దిగబడినపుడు గాని పట్టాపై భారము పెరుగును. అంతట ఆ వాలుగాడి పళ్లెములను మఱింత గట్టిగా దగ్గరకు నొక్కి బెల్టును అంచునకు పంపును. చిన్న గేరు వేసినట్లు బలము హెచ్చి వేగము తగ్గును. మొదటి కప్పీ ఇంజను వడిని గమనించును. రెండవది దారి బరువును గమనించును. రెండింటి నడుమ బెల్టు నిరంతరము రాజీ కుదుర్చుచుండును.

మంచునడుమ వేడిమి

రాజీ చెడినపుడు బెల్టు జారును. జారిన చోట ఇంజను శక్తి చలనమై పోక వేడిమిగా మారును. 100 అశ్వశక్తి గల ఇంజను పూర్తిశక్తితో దాదాపు 75 కిలోవాట్లు పుట్టించును. అందు పదవ వంతు బెల్టువద్ద వృథా యైనను ఏడున్నర కిలోవాట్లగును. ఉత్తరదేశపు చలిలో గదులను వెచ్చజేయు 2 కిలోవాట్ల హీటరులు దాదాపు నాలుగింటిని ఒక చిన్నమూత క్రింద వెలిగించుటతో ఇది సమానము. వెలుపలిగాలి గడ్డకట్టించు చలిలో నున్నను ఆ వేడిమి మూతలోనే చిక్కుకొనును. యంత్రశాలల బెల్టుల విషయమున తయారీదారులు చెప్పు లెక్క యొకటి గలదు. బెల్టులోపలి వేడిమి 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగినపుడెల్ల దాని ఆయుర్దాయము సగమగు నని. మంచుబండి బెల్టును రబ్బరే గనుక ఈ న్యాయమునకు పూర్తిగా వెలియైనది కాదు.

బెల్టు మృతికి గల కారణములు పెక్కు. రాత్రి నిలిపిన బండి పట్టా నేలకు గడ్డకట్టి అంటుకొనియుండును. తెల్లవారి తొందరపడి ఇంజనును విజృంభింపజేసినచో కప్పీ తిరుగును గాని పట్టా కదలదు. బెల్టు ఒక్కచోటనే ఒరసికొని, అచ్చట సన్నబడి, డమరుకము నడుమువలె అగును. తరువాత ఆ చోటు కప్పీ గాడిలోనికి వచ్చినపుడెల్ల బండి అదరును. లోతుమంచులో చిన్నవేగమున చాలసేపు పోవుట రెండవ కారణము. కప్పీలు ఒకే వరుసలో లేకుండుట మూడవది. అపుడు బెల్టు ఒక ప్రక్క అధికముగా అరిగి అంచు దారములు బయటపడును. పళ్లెములపై నూనె తగులుట నాలుగవది. మూతలోనికి గాలి చొరకుండుట అయిదవది. కొలత తప్పిన బెల్టును ధరకు ఆశించి కొనుట ఆరవది.

ఈ దోషములకు ముందుగా సూచనలు కలుగును. రబ్బరు కమరు వాసన, పళ్లెములపై నల్లని పూత, బయలుదేరునపుడు కుదుపు, ఇంజను వడి పెరిగినను బండి వడి పెరుగకుండుట అందు ముఖ్యములు. అనుభవజ్ఞులు బండిని ఆపి, ఇంజను పూర్తిగా నిలిచిన తరువాత, మూతతెరచి కప్పీల చెంత చేయి యుంచి చూతురు. ఏ కప్పీ అధికముగా వేడెక్కెనో దోషము అచ్చటనే వెదకుదురు. ఖరీదైన పనిముట్టు లేనిచోట ఈ అరచేతి పరీక్షయే తొలి కొలమానము.

సవరింపు విద్య

కప్పీల సవరింపు మంచుబండి వారికి ఒక ప్రత్యేక విద్య. దాని మూలసూత్రము సులభమే. ప్రతి ఇంజను ఒక నిర్ణీతమైన వడి యొద్ద అత్యధిక శక్తి నిచ్చును. ఉదాహరణమునకు నిమిషమునకు 8,000 చుట్ల యొద్ద అనుకొందురుగాక. బండి ఎట్టి దారిన పోవుచున్నను, పూర్తిశక్తి కోరినపుడు ఇంజను ఆ వడి దగ్గరనే నిలుచునట్లు కప్పీలు మారుచుండవలెను. బరువులు మిక్కిలి భారమైనచో మొదటి కప్పీ తొందరపడి మూసికొనును, ఇంజను వడి పడిపోవును. తేలికైనచో ఇంజను వృథాగా విజృంభించును, బెల్టుపై నొక్కుడు చాలక జారుడు కలుగును. స్ప్రింగు బలము బండి ఏ వడివద్ద కదలనారంభించునో నిర్ణయించును. రెండవ కప్పీ వాలుగాడి కోణము భారము వచ్చినపుడు ఎంత త్వరగా బలమునకు మరలునో నిర్ణయించును. ఒకటి మార్చినచో తక్కిన వానిని సరిచూడవలెను. అందుచే తెలిసినవారు ఒకమారు ఒక్కదానినే మార్చి, అదేదారిన నడిపి, ఫలితము వ్రాసికొని, పిదప రెండవదానిని తాకుదురు.

ఎత్తు ఈ విద్యకు పరీక్ష పెట్టును. గాలి పలుచనైన కొలది సాధారణ ఇంజను బలము ప్రతి 1,000 అడుగులకు సుమారు నూటికి 3 వంతున తగ్గును. మైదానమున సరిపోయిన బరువులు కొండపై బలము తగ్గిన ఇంజనుకు మోయరానివగును. అచ్చట తేలిక బరువులు వేయవలెను. తిరిగి దిగువకు వచ్చినపుడు వానిని మార్చవలెను. ఈ మార్పును నిర్లక్ష్యము చేసినవానికి దండన విధించునది బెల్టే.

బెల్టు తయారీయు నాటినుండి ఎంతయో మారినది. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ కనుగొనిన పరిశోధనా ఫలముగా వచ్చిన కెవ్లార్ వంటి బలమైన దారములు తరువాతి బెల్టులలో చేరినవి. బెల్టు గట్టిపడెను, ఇంజనులును బలపడెను. మొదటి స్కీడూల ఇంజను బలము పది అశ్వశక్తులకు లోబడినది. నేటి బండ్లలో 150 అశ్వశక్తులకు మించినవియు గలవు. కావున బెల్టు జాగ్రత్త అవసరము తగ్గలేదు. కొత్తబెల్టును వేసిన మొదట కొన్ని పదుల కిలోమీటర్లు మితవేగమున నడిపి పదును పెట్టుట, పళ్లెములను శుభ్రమైన బట్టతో తుడుచుట, బయలుదేరుటకు ముందు పట్టాను నేలనుండి విడిపించి మెల్లగా తిరుగనిచ్చుట నేటికిని ఆచారములే. అన్నిటికంటె ముఖ్యమైనది, బండిలో ఒక అదనపు బెల్టును దానిని మార్చు నేర్పును లేకుండ దూరప్రయాణము చేయరాదు.

ధ్రువము, పల్లె

ఈ యంత్రము చేయగలిగిన గొప్పపనికి ఒక నిదర్శనము 1968లో లభించినది. మిన్నెసోటాకు చెందిన బీమా వర్తకుడు రాల్ఫ్ ప్లెయిస్టెడ్ అంతకుముందటి యేడు విఫలుడై మరలినను, ఆ యేటి మార్చిలో ఉత్తరధ్రువము వైపు చిన్న స్కీడూ బండ్లపై బయలుదేరెను. 43 దినముల ప్రయాణము తరువాత ఏప్రిలులో ఆతని బృందము ధ్రువము చేరెను. వారు చేరిన స్థానమును అమెరికా వైమానిక దళపు విమానము ధ్రువపరచినది. ధ్రువము చేరిన నలుగురిలో బొంబార్డియే సోదరుని కుమారుడు జాన్ లూక్ బొంబార్డియే యొకడు. అట్టి యాత్రలో పగిలిన మంచుగుట్టలను గొడ్డళ్లతో నరికి దారి చేయుట ఎంత ముఖ్యమో, యంత్రమును రోజురోజునకు సరిచూచుటయు అంత ముఖ్యము.

మఱియొక నిదర్శనము ఉత్తర ఫిన్లాండుది. అచ్చటి స్కోల్ట్ సామీ జాతివారు తరతరములుగా రెయిన్‌డీరు మందలను స్కీలపైని జారుడుబండ్లపైని తిరిగి మేపెడివారు. 1960ల తొలినాళ్ల నుండి మంచుబండి వారి గ్రామములకు వచ్చెను. పెర్టి పెల్టో అను మానవశాస్త్రజ్ఞుడు 1973లో వెలువరించిన గ్రంథమున ఈ మార్పును విపులముగా పరిశీలించెను. దినముల పని గంటలలో ముగిసెను. కాని బండిని, పెట్రోలును, విడిభాగములను నగదిచ్చి కొనవలసి వచ్చెను. ఇంటిమంద నుండి లభించు బలముతో పోయినవాడు దూరపు కర్మాగారము నుండి వచ్చు వస్తువులపై ఆధారపడెను. నగదు గలవాడు సాగిపోయెను, లేనివాడు మందను కోల్పోయెను. రెయిన్‌డీరు నాచును మేసి బ్రదుకును. మంచుబండి బెల్టు తెగినచో దుకాణమునకు పోవలయును. ఈ భేదము చిన్నది కాదు.

హిమాలయమున, దక్షిణధ్రువ ఖండమున

భారతదేశమున మంచుబండిని జనులు స్నో స్కూటరు అని పిలుతురు. కాశ్మీరమున గుల్మార్గు మంచుమైదానములపై విహారమునకు వచ్చువారిని ఎక్కించుకొని తిరుగునది ఇదియే. గుల్మార్గు సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల ఎత్తున నున్నది. పై లెక్కను బట్టి అచ్చట సాధారణ ఇంజను బలములో దాదాపు నాల్గవవంతు తగ్గును.

1984 ఏప్రిలులో మేఘదూత చర్యతో భారతసైన్యము సియాచిన్ హిమానీనదముపై నిలిచినది. అచ్చట జవానులు సామానులను చేరవేయుటకు, అవసరమున సహచరులను కొనిపోవుటకు స్నో స్కూటరులను వాడుదురు. 5,500 మీటర్ల ఎత్తున గాలిపీడనము సముద్రతీరమున నున్నదానిలో సగమే. మనుష్యునకు ఊపిరియాడని చోట ఇంజనుకును ఊపిరి చాలదు. అట్టి తావున బెల్టు కాలినచో మరమ్మతుశాల లేదు. నడచిపోవుటకు దారియు సురక్షితము కాదు. వాల్కూర్‌లో 1934లో ఎదురైన ప్రశ్నయే అచ్చట ప్రతిదినము ఎదురగును. రోగి గమ్యము చేరునా, చేరడా యని.

అంటార్కిటికాకు భారతదేశపు తొలి శాస్త్రయాత్ర సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వమున వెడలి 1982 జనవరిలో ఆ ఖండమున అడుగిడెను. పిదప దక్షిణ గంగోత్రి, మైత్రి, భారతి కేంద్రములు వెలసినవి. భూగర్భ సర్వే, వాతావరణశాఖ మొదలగు కేంద్రప్రభుత్వ శాఖల ఉద్యోగులు ఆ యాత్రలలో పాల్గొనుచు వచ్చిరి. హిమఫలకముపై వారి రాకపోకలకు పెద్ద పట్టాబండ్లతోపాటు స్నో స్కూటరులును ఉపయోగపడుచున్నవి. రామేశ్వరము పోయినను శనేశ్వరము తప్పలేదన్నట్లు, దక్షిణధ్రువ ఖండమునకు పోయినను పట్టా గడ్డకట్టుట, బెల్టు వేడెక్కుట తప్పవు. ఉదయమున పట్టాను కదపి విడిపించుట, మూతతెరచి బెల్టును చూచుట అచ్చటను నిత్యకృత్యములే.

2020ల దశకమున విద్యుత్తుతో నడచు మంచుబండ్లు విపణిలోనికి వచ్చినవి. విద్యుత్ మోటారు ఆరంభము నుండియే పూర్తిబలము నీయగలదు గనుక వానికి ఈ మారుడు కప్పీల అవసరము లేకపోవచ్చును. అయినను దూరప్రాంతములలో పెట్రోలు బండ్లే నేటికిని అధికము. వానితోపాటు బెల్టును నిలిచియున్నది.

యంత్రములో అన్నిటికంటె బలహీనమైన భాగమునే యంత్రజ్ఞులు తెలిసి బెల్టుగా చేసిరి. ఇంజను విరుగుటకంటె, పట్టా తెగుటకంటె, చవుకయై సులభముగా మార్చదగిన బెల్టు తెగుట మేలు. అందుచే బెల్టు తెగుట యంత్రపు దోషమని తలచుట సరికాదు. సాధారణముగా అది ఇతరభాగముల దోషమునో, నడుపువాని తొందరనో తనపై వేసికొని తెలియజేయును. కొత్తబెల్టును వేసి పాతతప్పును అట్లే విడిచినచో కొత్తదియు అదేదారిన పోవును. కాలిన బెల్టును పారవేయుటకు ముందు అది ఎచ్చట అరిగెనో, ఎట్లు కాలెనో చూచినవాడు మఱియొకమారు మంచునడుమ నిలువడు. కుమారుని ఆస్పత్రికి చేర్చలేకపోయిన ఒక తండ్రి ఆరంభించిన ఈ యంత్రమునందు, చేతిలో పట్టు చిన్న రబ్బరు బెల్టుపై శ్రద్ధ వహించుట కేవలము మెకానిక్కు పని కాదు. ప్రాణమును గమ్యమునకు చేర్చు పనిలో అదియు ఒక భాగము.